తప్పించిన ప్రమాదాల పట్టిక

మానవజాతి చక్రాన్ని కనిపెట్టిన చాలా కాలానికి గానీ బ్రేకు కనిపెట్టలేదు. ఆ బ్రేకు ఎన్నిసార్లు తొక్కారో లెక్కపెట్టే శాఖ పుట్టడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఆ లోటు ఇప్పుడు తీరింది. మన ఊళ్లో ఆత్మరక్షణ డ్రైవింగ్ విభాగం వెలిసింది.

ఆత్మరక్షణ డ్రైవింగ్ అంటే ఎదుటివాడు తప్పు చేస్తాడని ముందే ఊహించి బండి నడపడం. దీనివల్ల లాభాలు పధ్నాలుగని విభాగం వారి కరపత్రం చెబుతోంది. (పధ్నాలుగోది ‘ఇతర లాభాలు’.) లాభమన్నాక లెక్క ఉండాలి కాబట్టి ప్రతి బండిలోనూ ఒక చిన్న పెట్టె బిగించారు. డ్రైవరు బ్రేకు గట్టిగా తొక్కితే అది టింగుమంటుంది. ఒక టింగుకి ఒక ప్రమాదం తప్పినట్టు. నెలకు అరవై ప్రమాదాలు తప్పించినవారికి యోగ్యతాపత్రం ఇస్తారు. మిగతావారికి బండి తాళాలు ఇవ్వరు.

మా బావ ఆసుపత్రి వ్యాను నడుపుతాడు. డయాలసిస్ రోగులను ఇంటి దగ్గర ఎక్కించుకుని, మళ్లీ ఇంటి దగ్గర దింపడం ఆయన పని. పంతొమ్మిదేళ్లలో ఆ వ్యాను మీద గీత పడలేదు. తోటి డ్రైవర్లు ఆయన్ని ‘నిదానం’ అంటారు. ఆగి ఉన్న లారీ కింద అవతలివైపు రెండు కాళ్లు కనబడితే చాలు, ఆ మనిషి రోడ్డు మీదికి రాకముందే బావ కాలు యాక్సిలరేటర్ మీంచి లేచిపోతుంది. తిరుగు ప్రయాణంలో ఓ రిటైరయిన టీచరమ్మ మూడో సీట్లో కూర్చుని, ఇల్లు వచ్చేదాకా ఆదమరిచి నిద్రపోతుంది. ప్రతిసారీ ఆమెను లేపి దింపాల్సి రావడం తన గొప్పేనని బావ నమ్మకం.

నెలాఖరుకి ఆయన తప్పించిన ప్రమాదాలు సున్నా అని తేలింది.

అదే ఆసుపత్రిలో రెండో వ్యాను నడిపే ‘మెరుపు’ నాలుగు వందల పన్నెండు తప్పించాడు. అతనికి పతకం ఇచ్చి, శిక్షకుడిగా నియమించారు.

బావకి తోడుగా నేనూ విభాగానికి వెళ్లాను. ఉప లెక్కింపు అధికారి పట్టిక చూసి జాలిపడ్డాడు.

“ఇన్నేళ్ల సర్వీసుంది, ఒక్క ప్రమాదం కూడా తప్పించలేకపోయావా?”

“అంతదాకా రానివ్వనండీ,” అన్నాడు బావ.

“రానివ్వకపోతే తప్పించేది దేన్నయ్యా?”

“ముందే చూసుకుని మెల్లగా ఆపేస్తానండీ.”

“మెల్లగా ఆపితే పెట్టెకి తెలీదు. పెట్టెకి తెలీనిది నాకూ తెలీదు.” (ఈ ఒక్క మాటా నిజాయితీగా చెప్పాడు.)

నాకు ఒళ్లు మండింది. బావ మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నెల గడువిచ్చి, శిక్షణకి పంపారు. శిక్షణలో మెరుపు చెప్పింది ఇంతే: “గోడ కనబడిందా అన్నా? ఇప్పుడు దాన్ని మర్చిపో. దగ్గరికొచ్చాక గుర్తుచేసుకో.”

“మీకెందుకొచ్చిన తంటా, మానేయండి,” అంది మా అక్క.

“నేను మానేస్తే ఆ వ్యాను మెరుపు చేతికిస్తారు. టీచరమ్మ ఏమైపోతుందే?” అన్నాడు బావ.

ఖాళీ మైదానంలో అరవైసార్లు బ్రేకు తొక్కి వచ్చాడు. పెట్టె కిక్కురుమనలేదు. ప్రయాణికులు లేని బండిలో తప్పే ప్రమాదం వల్ల ఎవరికీ లాభం లేదు కనుక అది లెక్కలోకి రాదని నిబంధన ఉందట. చేసేది లేక మనుషులున్నప్పుడే మొదలుపెట్టాడు. ప్రతిసారీ ముందుగా కేకేసేవాడు:

“టీచరమ్మా, గట్టిగా పట్టుకోండి! ప్రమాదం తప్పిస్తున్నా!”

“కానీ నాయనా,” అని ఆవిడ ముందు సీటు కడ్డీ పట్టుకునేది.

యాభై తొమ్మిది అలాగే గడిచాయి. గడువు ఆఖరి రోజున, ఆమె ఇంటి వీధి మలుపులో బావ కేకేశాడు, తొక్కాడు. జవాబు వచ్చిందో లేదో చూసుకోలేదు. ఆవిడ నిద్రలో ఉంది. నుదురు కడ్డీకి కొట్టుకుంది. పెట్టె టింగుమంది.

యోగ్యతాపత్రం మర్నాడే వచ్చింది. బావ దాన్ని విప్పి కూడా చూడలేదు. జరిగింది తన తప్పేనని, పెట్టె తీసేయమని వేడుకుంటూ విభాగానికి ఉత్తరం రాశాడు. టీచరమ్మ ఇప్పుడు వ్యానులో నిద్రపోవడం లేదు. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, ఇల్లు వచ్చేదాకా రోడ్డు వంక చూస్తూ కూర్చుంటోంది.

విభాగం వారు వెంటనే జవాబిచ్చారు: “సదరు సమయానికి సదరు మలుపులో ప్రమాదం తప్పినట్టు పెట్టెలో నమోదై ఉన్నందున, ఆమె నుదుటి మీద ఉన్నది దెబ్బ కాదని తెలియజేయడమైనది.”