అంబలి తెచ్చిన బియ్యం

గురువారం పొద్దున్నే కృపానిధి మాస్టారు చేతిసంచీ మడిచి చంకలో పెట్టుకుని బయలుదేరారు. ఆయన అనుకున్నది చిన్న పని. బడి గంట కొట్టేలోగా సంతకి వెళ్ళాలి, చోళ్ళూ గంటెలూ, అంటే రాగులూ సజ్జలూ, నాలుగు రకాల ఆకుకూరలూ కొనాలి, తెలిసినవాళ్ళ కంట పడకుండా ఇల్లు చేరాలి. చీపురుపల్లి దాపున ఉన్న రేగడివలసలో ఆయన లెక్కలు చెప్పని ఇల్లు లేదు. అలాంటి మనిషి ఆ ఊరి సంతలో ఎవరి కంటా పడకుండా ఎలా తిరుగుతాడన్నది మాత్రం ఆయన లెక్కకి అందలేదు.

ముందురోజు పట్నంలో డాక్టరమ్మ ఆయనకి చెప్పాల్సింది చెప్పేసింది. "షుగరు జబ్బు మొదలైంది మాస్టారూ. తెల్లన్నం బాగా తగ్గించండి. అంత భయపడాల్సింది లేదు, మీ ఊరి సంతలో దొరికేవి తింటే చాలు. చోళ్ళు, ఉలవలు, కాకరకాయలు, మునగాకు. మీ తాతగారు ఏం తిన్నారో అదే తినండి."

మాస్టారు భయపడ్డారు. అయితే అది తన గురించి కాదు. భార్య సీతమ్మ తండ్రి పోయింది ఆ జబ్బుతోనే. ముందు కాలివేలు తీశారు, తరవాత పాదం తీశారు, ఆ తరవాత తీయడానికి ఆయనే మిగల్లేదు. ఆ కాలికి కట్లు కట్టింది సీతమ్మ. ఇప్పటికీ ఎవరి కాలికైనా గుడ్డ చుట్టి కనిపిస్తే ఆమె మొహం తిప్పుకుంటుంది. ఈ సంగతి ఆమె చెవిన పడితే ఆ నిమిషం నుంచే తనని కన్నీళ్ళతో సాగనంపడం మొదలుపెడుతుందని మాస్టారికి తెలుసు. అందుకని ఎవరికీ చెప్పకూడదనీ, తిండితోనే నయం చేసుకోవాలనీ బండిలో వస్తూ నిశ్చయించుకున్నారు.

సంతలో అసిరమ్మ గోనె మీద చోళ్ళు రాశి పోసుకుని కూర్చుంది. మాస్టారు సంచీ తెరిచి పట్టుకున్నారు.

"ఏటి మేస్టరుగోరూ, కోళ్ళకేటి?"

"మాకు కోళ్ళెక్కడివి?"

"మరి దూడకా?"

"మేం తినడానికే, అసిరమ్మా."

కొలిచే తవ్వ పట్టుకున్న అసిరమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. ఇస్త్రీ చొక్కానీ గొడుగునీ చెప్పుల్నీ పైనుంచి కిందకి చూసింది. "ఏటయినాది బావూ?" అంది గొంతు తగ్గించి.

"ఏమీ కాలేదు. రుచిగా ఉంటుందని."

పుట్టిన దగ్గర్నుంచీ అంబలి తాగుతున్న అసిరమ్మకి రుచి కోసం తాగేవాళ్ళుంటారని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. కొలిచింది కాక దోసిలి నిండా మరో రెండుసార్లు సంచీలో పోసి, "ఇది నా కొసరు. మొగమాటపడకండి. రోజులు ఒక్కలాగ ఉండవు" అంది.

ఆ కొసరే కొంప ముంచింది. పక్కనే వంకాయలు ఏరుకుంటున్న లక్ష్మణమ్మ, మాస్టారింటి పొరుగావిడ, దాన్ని కళ్ళారా చూసింది. మాస్టారు సంత దాటేలోపే ఆమె వంకాయలు వదిలేసి వేరే దారిన ఊళ్ళోకి వెళ్ళిపోయింది.

ఇంట్లో సంచీ విప్పిన సీతమ్మ తెల్లబోయింది. "ఇదేటండీ?"

"మన నేలలో పండిన పంట. మనకి బలం."

"ఇన్నాళ్ళూ తిన్న బియ్యం సముద్రం దాటి రంగం నుంచి వచ్చినాయేటి?"

మాస్టారు సంచీ వంటింటి వైపు జరిపి, కొన్నాళ్ళు తిని చూద్దామన్నారు. సీతమ్మ అలాగే వండింది. నిజానికి ఆ వంట అద్భుతంగా కుదిరింది. పొద్దున్న ఉల్లిపాయ నంజుకుని చల్లటి అంబలి, మధ్యాహ్నం గంటెసంకటీ ఉలవచారూ, రాత్రికి మునగాకు వేపుడు. రెండు రోజులకే మాస్టారి ఒళ్ళు తేలికపడింది. పెళ్ళయ్యాక అంత బాగా ఆయన ఎన్నడూ తినలేదు. మనసు మాత్రం రోజురోజుకీ బరువెక్కుతూ వచ్చింది.

ఎందుకంటే ఊళ్ళో ఉద్యోగం ఉన్నవాడికి గుర్తు తెల్లన్నం. బళ్ళో ఆయన క్యారియరు తెరవగానే హెడ్మాస్టరు తొంగి చూశాడు. గిన్నెలో అంబలి, పక్కన పచ్చిమిరపకాయ. ఆయన మాస్టారి భుజం మీద చెయ్యి వేసి, కాసేపలాగే ఉంచి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. మర్నాటి నుంచి తోటి మాస్టర్లు అన్నం గిన్నెలకి మూతలు అడ్డం పెట్టుకుని తినడం మొదలుపెట్టారు.

శనివారం నాటికి లక్ష్మణమ్మ పెరటి గోడ మీంచి తల పెట్టి, "వొదినా, ఉజ్జోగం పోతే పోనాది. మడిసి ఉన్నాడు, అదే సాలు" అని సీతమ్మని ఓదార్చింది. సీతమ్మ నేరుగా వచ్చి మాస్టారి ఎదుట నిలబడింది.

"నిజం సెప్పండి. ఉద్యోగం ఊడినాదా?"

"నిన్నే కదే జీతం తెచ్చిచ్చాను."

"మరి బియ్యం మిగిల్చి ఎవరింటికి పంపుతన్నారు?"

మాస్టారు నోరు తెరిచారు. లోపలున్న నిజం నాలిక చివరిదాకా వచ్చింది. సీతమ్మ మొహం చూసి వెనక్కి పోయింది. "ఎవరింటికీ లేదు" అన్నారు నేల చూస్తూ. తప్పు చేసినవాడు ఎలా అంటాడో సరిగ్గా అలాగే అన్నారు. సీతమ్మ ఆ సాయంత్రమే బొబ్బిలి వైపు పల్లెలో వ్యవసాయం చేసుకుంటున్న అన్న సోములుకి కబురు పెట్టింది.

ఆదివారం మాస్టారు క్రైస్తవ సంఘం గుడిలో ఎప్పుడూ కూర్చునే ముందు వరస వదిలి, చిట్టచివర గోడని ఆనుకుని కూర్చున్నారు. పాస్టరు జ్ఞానానందం గారు ప్రార్థన ముగించి కళ్ళు తుడుచుకున్నారు. "మన మధ్య ఒక కుటుంబం ఉంది. గౌరవం గల కుటుంబం. ఆకలితో ఉన్నా నోరు తెరిచి అడగలేని కుటుంబం. పేరు నేను చెప్పను."

సంఘమంతా వెనక్కి తిరిగి చూసింది. మాస్టారు కూడా ఎవరా అని జాలిగా వెనక్కి తిరిగారు. ఆయన వెనక గోడ తప్ప ఏమీ లేదు.

మధ్యాహ్నానికల్లా బియ్యం రావడం మొదలైంది. ఆ సంఘంలో ఆడవాళ్ళు వంటకి బియ్యం తీసేటప్పుడల్లా దేవుడి పేరున ఒక పిడికెడు పక్కన పెడతారు. ఆ పిడికిటి బియ్యమంతా తట్టల్లో మాస్టారి వీధిగదికి చేరింది.

"అయ్యగారూ, నా జీతం నాకు వస్తోంది. నాకీ బియ్యం వద్దు" అన్నారు మాస్టారు చేతులు జోడించి.

"ఇవ్వడానికే కాదు మాస్టారూ, తీసుకోవడానికి కూడా దీనత కావాలి" అన్నారు పాస్టరుగారు.

ఆయన వెనకాల ఒక ముసలామె వంగి వంగి వచ్చింది. కూలికి వెళ్తేనే పొయ్యి వెలిగే మనిషి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. బియ్యం దొరకడమే గగనమై ఊరు ఊరంతా రేషను కొట్టు ముందు నిలబడుతోంది. ఆమె కొంగుమూట విప్పి, చారెడు బియ్యం తట్టలో పోసి, కొంగు దులిపి మిగిలిన గింజల్ని కూడా రాల్చింది. "నాకివాళ ఆకలి నేదు బావూ" అంది.

అది అబద్ధమని మాస్టారికి తెలుసు. వెనక్కి ఇస్తే ఆమె మనసు చచ్చిపోతుందనీ తెలుసు. తీసుకుంటే తన మనసు చచ్చిపోతోంది. అప్పుడైనా నిజం చెప్పేద్దామని తలెత్తారు. ఎదురుగా గుమ్మంలో సీతమ్మ నిలబడి ఉంది. ఆయన తల దించుకున్నారు. జబ్బు చేయలేని పని ఆ చారెడు బియ్యం చేసింది. ఆయన అరుగు మీద కూలబడిపోయారు.

సోమవారం పొద్దున్న సోములు ఎడ్లబండి గుమ్మం ముందు ఆగింది. బండి నిండా బస్తాలు. "ఏటి బావా, నేను బతికుండగా నువ్వు అంబలి తాగడమేటి? మాకు మొకాలు నేవా?" అని వీధంతా వినపడేలా కేకలేస్తూ సోములు బస్తాలు దించేశాడు. వద్దు వద్దని మాస్టారు ఒక బస్తాకి అడ్డం పడితే, ఆయన్ని పక్కకి జరిపి మరీ దించాడు. వీధిగది నిండిపోయింది. మాస్టారి మంచం అరుగు మీదకి వచ్చేసింది.

సరిగ్గా అప్పుడే ఆ దారిన సర్కారు జీపొకటి వచ్చింది. ఇంట్లో హద్దు మించి బియ్యం నిలవ పెడితే నేరమైన రోజులవి. అందులో ఉన్న ఇనస్పెక్టరు అలాంటి ఇళ్ళు పట్టుకోవడానికే తిరుగుతున్నాడు. బస్తా మోస్తున్న సోములుని చూసి జీపు ఆపించి, గోడ దగ్గరున్న లక్ష్మణమ్మని, "ఈ ఇంట్లో బియ్యం ఎంత ఉంది?" అని అడిగాడు.

మాస్టారిని కాపాడాలని లక్ష్మణమ్మ గబగబా చెప్పింది. "ఒక్క గింజ నేదు బావూ! వోరం రోజుల్నించీ పాపం అంబలే తాగతన్నారు!"

ఇనస్పెక్టరు లోపలికి వెళ్ళి వీధిగది చూశాడు. తరవాత వంటింట్లోకి వెళ్ళి కుండ మూత తీశాడు. అంబలి. అతని మొహం వెలిగిపోయింది.

"ఇల్లంతా బియ్యం పెట్టుకుని అంబలి తాగుతున్నావంటే ఇది తినడానికి కాదు, బ్లాకులో అమ్మడానికి. ఎంతోమందిని పట్టుకున్నాను కానీ ఇంత నిగ్రహం ఉన్నవాణ్ణి చూడలేదు."

"ఈ బియ్యం నావి కావండీ!"

"ఎవరివో చెప్పు."

మాస్టారు వీధిలోకి చూశారు. సోములు అప్పటికే ఎడ్లని విప్పుకుని నీళ్ళకి తోలుకుపోయాడు. వాటికి అంత దాహం మునుపెన్నడూ వేయలేదు. బియ్యం తెచ్చినవాళ్ళంతా గుంపులో ఉన్నారు. మీ ఇంట్లో ఇంకెంత ఉందని అడుగుతాడేమోనని అందరూ మబ్బుల కోసం ఆకాశం వెతుకుతున్నారు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉన్నారు.

"పద, జీపెక్కు" అన్నాడు ఇనస్పెక్టరు.

ఉద్యోగం పోయిందని ఊరంతా అనుకున్న మాట నిజమయ్యే వేళ వచ్చింది. ఇంకేం మిగిలింది దాచడానికి? మాస్టారు ఉన్న బలమంతా కూడదీసుకుని అరిచారు. "నాకు షుగరుంది సార్!"

ఇనస్పెక్టరు మెల్లగా వెనక్కి తిరిగాడు. బియ్యం కంటే పంచదారకి ఇంకా కరువు.

"ఎన్ని బస్తాలు?"

"బస్తాలు కాదు సార్! ఒంట్లో!"

"అదే, ఇంట్లో ఎక్కడ?"

"ఇంట్లో కాదండీ, ఒంట్లో! జబ్బు!"

ఇనస్పెక్టరు వినిపించుకునే స్థితిలో లేడు. జీపులోంచి దిగిన జవాన్లు కుండలు దింపారు, పెట్టెలు బోర్లించారు, పరుపు చీల్చి దూది తీశారు. ఒకడు డబ్బాలో తెల్లటి పొడి దొరికిందని ఆశగా నాలిక మీద వేసుకుని, అది బట్టల సోడా అని తెలిసి పెరట్లోకి పరిగెత్తాడు. ఎండబెట్టిన కాకరకాయ వరుగులు తప్ప ఆ ఇంట్లో ఇంకేమీ దొరకలేదు.

గుంపులో ఆ మాట అర్థమైంది ఒక్క సీతమ్మకే. ఆమె వచ్చి అరుగు ముందు నేల మీద కూర్చుని, అరుగు మీదున్న మాస్టారి కాలు ఒళ్ళోకి తీసుకుంది. ఒక్కొక్క వేలూ విడదీసి చూసింది.

"ఎప్పట్నుంచండీ?"

"డాక్టరమ్మ మొన్ననే చెప్పింది."

"నాకెందుకు సెప్పనేదు?"

"ఏడుస్తావని."

"ఇప్పుడు నవ్వుతన్నానేటి?" అంటూ సీతమ్మ ఆ కాలిని గుండెకి హత్తుకుంది. ఆయనకి కూడా దుఃఖం ఆగలేదు. ఇద్దరూ అలా వీధిలోనే, అందరూ చూస్తుండగా ఏడ్చారు.

అది చూశాక పాస్టరుగారికి ప్రార్థన సాగలేదు. ముందుకు వచ్చి, తట్టల్లో ఉన్నది సంఘం పిడికిటి బియ్యమనీ, కావాలంటే తనని జీపెక్కించమనీ చెప్పారు. ఆయన వెనక ముసలామె, ఆమె వెనక మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. అంతమందిని ఎక్కించడానికి జీపు చాలదు. ఇనస్పెక్టరు గుంపునీ జీపునీ చూసి, సోములు బస్తాలు రేషను కొట్టుకి పంపించి, మాస్టారిని వదిలేశాడు. పోతూ పోతూ, "ఆ పంచదార సంగతి మాత్రం నేను మరిచిపోను" అన్నాడు. మాస్టారు ఆ సాయంత్రమే ఎవరి బియ్యం వాళ్ళకి తిరిగి పంచేశారు. ముసలామె కొంగులో పోసింది చారెడు కాదు, తట్టెడు.

ఇక ఊళ్ళో తల ఎత్తుకోలేనని నిశ్చయించుకుని, మర్నాడు మాస్టారు గొడుగు మొహానికి అడ్డం పెట్టుకుని బడికి బయలుదేరారు. కిరాణా కొట్టు కూర్మయ్య ఎన్నడూ తక్కెడ మీంచి కళ్ళెత్తని మనిషి. అలాంటివాడు గద్దె దిగి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"దండం మేస్టరుగోరూ. ఇల్లంతా తవ్వినా పంచదార పలుకైనా దొరకనేదట గదా! ఎక్కడ పెట్టారేటి?"

"అది జబ్బు, కూర్మయ్యా!"

"అవునవును, జబ్బే" అని కూర్మయ్య కన్ను గీటాడు. "మాకు సెప్పకండి. ఎవరికీ సెప్పకండి."

బళ్ళో హెడ్మాస్టరు కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. వీధిలో నిన్నటిదాకా జాలిపడినవాళ్ళు ఇవాళ దారిచ్చి పక్కకి తప్పుకున్నారు. బస్తాల మీద కూర్చుని అంబలి తాగాడంటే ఎంత గుండె ఉండాలి అని లక్ష్మణమ్మ గోడ మీంచి అందరికీ గర్వంగా చెబుతోంది. మాస్టారు కనబడ్డ ప్రతివాడికీ జబ్బు గురించి వివరించారు, డాక్టరమ్మ పేరు చెప్పారు, చోళ్ళ గుణాలు చెప్పారు, చివరికి చేతులు పట్టుకుని బతిమాలారు. ఎంత చెబితే అంత గౌరవం పెరిగింది తప్ప నమ్మినవాడు లేడు.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక సంఘం సమావేశమై, దాచడం తెలిసిన మనిషి కాబట్టి ఆయన్ని ఏకగ్రీవంగా కోశాధికారిగా ఎన్నుకుంది.