పన్నెండంతస్తుల మీద కనీజ్ ఫాతిమా దండయాత్ర

భూమధ్యరేఖకు కూతవేటు దూరమున, తక్కిన ఋతువులన్నియు వీసా దొరకక వెనుదిరిగి పోగా గ్రీష్మమొక్కటే శాశ్వతనివాసపత్రము సంపాదించుకొని ఏలుచున్న సింగపూరు ద్వీపమున, పాయా లేబర్ పేటయందు, గగనచుంబియగు సౌధమొకటి కలదు. ఆ సౌధపు పన్నెండవ అంతస్తున నివసించు విశ్రాంతగణితోపాధ్యాయిని, షష్టివర్షప్రాయ, కీళ్లనొప్పులకు ఎన్నడును తల వంచని కనీజ్ ఫాతిమా, ఒకానొక ఆదివార ప్రభాతమున ఎట్టి ఘోరసమరమున కాలు మోపెనో, ఎట్లు గెలిచెనో వినుడు.

రాబోవు నెలలో ఆమెయు, భర్తయగు అబ్దుల్ రహీమును, ఏకైకపుత్రిక సమ్రీనును స్కాట్లాండునందలి పురాతన ఎడింబరా నగరమునకు పోవలసియుండిరి. ప్రయాణముకన్న ప్రయాణసన్నాహమునే మిక్కిలి ప్రేమించు అబ్దుల్ రహీం, ఆ నగరమును చూచి వచ్చినవారి సలహాలన్నిటిని ఒక నోటుపుస్తకమున ఎక్కించి, ఉదయపు ఖిచిడీ చల్లారుచున్నను లెక్కింపక, గంభీరస్వరమున చదువసాగెను. గొడుగు తీసికొని పోరాదట. అచటి గాలి దానిని తిరగేసి పువ్వువలె విప్పునట. తలకప్పు గల వానకోటే శరణ్యమట. రాతి వీధులు తడిసినచో జారునట, గట్టి బూట్లు కొని ముందే తొడిగి మచ్చిక చేసికొనవలెనట. కోటకు టిక్కెట్లు ముందుగానే కొనవలెనట. సందు మొగదల ‘క్లోజ్’ అని వ్రాసియుండిన మూసివేసిరని తలచి మరలిపోరాదట. అచట సందు పేరే క్లోజ్, నిర్భయముగా లోనికి పోవచ్చునట. చిట్టచివర, నగరమధ్యమున ఆర్థర్స్ సీట్ అను కొండ కలదనియు, దాని శిఖరము నుండియే నగరమంతయు చక్కగా కానవచ్చుననియు చదివెను.

రాఫెల్స్ ప్లేస్ బ్యాంకులో కొలువు చేయు సమ్రీన్, ఫోను మీదినుండి చూపు తీయకయే, సింగపూరు వాడుక చొప్పున మాట చివర ‘లా’ తగిలించి పలికెను. “అమ్మీ, కొండ నీకు టూ మచ్ లా. నువ్వు టూర్ బస్‌ల కూర్చో. నేను, అబ్బా ఎక్కి వస్తం.”

ఆ పలుకు వాడిశరమై తల్లి గుండెలో నాటెను. కొలువులో చేరిన మూడేండ్లుగా బిడ్డ ఆమెకు ఒక్క పూర్తి దినమైనను దక్కలేదు. అట్టి దినమొక్కటి దక్కునను ఆశతోనే ఆమె ఈ ప్రయాణమునకు ఒప్పుకొనెను. ఆ దినమున అపరిచితుల నడుమ, అద్దపు కిటికీ వెనుక కూర్చుండవలెనా? అంత ఆ మానధన చెంచా క్రింద బెట్టి, లేచి నిలిచి, గిరగిర తిరుగు పంకాయే సాక్షిగా ప్రతిజ్ఞ చేసెను.

“లిఫ్ట్‌ల కిందికి పోత. బూట్లు, కోటు అన్నీ ఏసుకొని, కింద నుంచి ఇక్కడిదాక మెట్లెక్కి వస్త. నడుమ ఎక్కడన్న కూర్చుంటే ఆ బస్సు సీటు నాదే. కూర్చోకుంటే మాత్రం, సమ్రీన్, నువ్వు నాతోటి కొండెక్కాలె.”

వెలుపల ముప్పదిరెండు డిగ్రీల ఎండ యున్నది గావున కోటు మానుమని భర్త వేడుకొనెను. ఆమె వినలేదు. ఉన్నిమేజోళ్లు తొడిగి, నూతన పాదరక్షాద్వయమును బిగించి, నీలివానకోటు జిప్పు కంఠపర్యంతము లాగి ఆమె లిఫ్టులో అడుగిడగా, అందున్న ఇరుగుపొరుగువారు బయట జడివాన కురియుచున్నదని తలచి గొడుగులకై వెనుదిరిగిరి.

సమరము మొదలయ్యెను. తొలి మూడంతస్తులు తృణప్రాయములయ్యెను. నాల్గవదానియందు కోటు శత్రుపక్షమున చేరెను. వానను లోనికి రానీయని ఆ వస్త్రము చెమటను వెలికి పోనీయదయ్యెను. ఆరవదానియందు ఎడమబూటు మడమను కఱచెను. ఎనిమిదవదానియందు మోకాళ్లు రెండును ఏకాభిప్రాయమునకు వచ్చి సంధి కోరెను. ఆమె మాత్రము కమ్మీ పట్టుకొని, మెట్లను మూడేసి చొప్పున లెక్కించుచు, వగర్చుచు పైపైకి సాగెను.

తొమ్మిదవ అంతస్తున, పూలకుండీలకు నీరు పోయుచున్న పరిచితురాలగు సుస్మిత ఆమెను చూచి నివ్వెరపోయి, లోనికి పరుగిడి, చల్లని నిమ్మరసమును, ఒక ప్లాస్టిక్ కుర్చీని తెచ్చెను.

“లిఫ్ట్ పాడైందా ఆంటీ? ముందు కూర్చోండి.”

ఆహా, ఆ కుర్చీ! ముల్లోకములందును అంతటి మనోహరాసనము లేదని కనీజ్ ఫాతిమాకు తోచెను. కూర్చున్నను ఇంట ఎవ్వరికిని తెలియదు. ఆమె చేయి కుర్చీ వీపు మీద వాలెను. ఒక నిమిషము అట్లే నిలిచెను. పిదప నిలువుకాళ్ల మీదనే రసము త్రాగి, గ్లాసు తిరిగి యిచ్చి, పెద్ద పని మీదున్నానని చెప్పి కదలెను.

పదవ అంతస్తు దాటగానే వెనుక ఎవరో రొప్పుచున్న సవ్వడి వినబడెను. తిరిగి చూడగా సమ్రీన్. ముఖమంతయు ఎఱ్ఱబారి, గోడకు చేరగిలబడి, మెట్టు మీద చతికిలబడెను.

“అమ్మీ, వెయిట్ లా. టూ మినిట్స్ కూర్చుంట.”

“ఎప్పటి నుంచి వస్తున్నవ్ నా ఎనక?”

“థర్డ్ ఫ్లోర్ నుంచి. నువ్వు పడితే పట్టుకుందామని.”

ఇన్ని మెట్లును బిడ్డ తన వెనుకనే యున్నదని తెలిసి, తల్లి రోషమంతయు మంచువలె కరగెను. నవ్వు వచ్చెను గాని నవ్వుటకు ఊపిరి మిగులలేదు. నిలుచుండియే కూతురి తల నిమిరెను.

“లే బేటా. కొండ మీద నన్ను పట్టుకోవాలంటే నీకు శానా ప్రాక్టీస్ కావాలె.”

తల్లీకూతుళ్లు చేయి చేయి పట్టుకొని తక్కిన మెట్లెక్కిరి. రేపటి నుండి ప్రతి సాయంకాలము ఏడు గంటలకే ఇల్లు చేరి తల్లితో మెట్లెక్కుదునని సమ్రీన్ దారిలోనే మాట యిచ్చెను. గుమ్మమున వేచియున్న అబ్దుల్ రహీం, కొండయెత్తును ఆ పన్నెండంతస్తుల యెత్తుతో భాగించి చూచి, మెల్లగా నిజము చెప్పెను.

“ఇట్లాంటివి ఇంక ఆరున్నయి, కనీజ్.”

దిక్కులారా, వినుడు! ఎడింబరాకు దాదాపు ఏడువేల మైళ్ల దూరమున, మండుటెండలో, ఎడింబరా కొండయందలి ఏడవ వంతును ఒక్కమారైనను కూర్చుండక జయించిన ఆ వీరాంగన, గడప దాటి, బూట్లు విప్పి, సోఫాలో కూర్చుండెను.