సంగటి నమిలిన మల్లప్ప

ప్రజలకు తెలియజేయడమేమనగా, చనిపోవడం ఇకమీదట సినిమా వేషానికి అడ్డు కాదు. ముఖం ఒక్కటి మిగిలితే చాలు, తక్కినదంతా కృత్రిమ మేధ చూసుకుంటుంది. (మరి బతికున్న నటుల గతేమిటని హిందూపురంలో ఒక నటుడు అడిగాడు. ఆయన ఇంకా బతికే ఉన్నందువల్ల ఎవరూ జవాబివ్వలేదు.)

ఈ భాగ్యం మా వైపు మొదట దక్కింది కనగానపల్లి మల్లప్పకు. హీరో ఉపన్యాసం దంచుతుంటే పక్కన కూర్చుని రాగి సంగటి తినే వేషాలు జీవితమంతా వేసి, పోయినేడు కాలం చేశాడు. ఒక కంపెనీ ఆయన పాత సినిమాలన్నీ యంత్రానికి చూపించి, కొత్త సినిమాలో మళ్లీ సంగటి ముందు కూర్చోబెట్టింది. సినిమా ధర్మవరంలో ఆడింది. మరుసటి నెల ఆయన భార్య యల్లక్కకు వితంతు పింఛను ఆగిపోయింది.

కారణం సబబైనదే. మొగుడు పనిచేస్తున్నట్టు ఊరంతా పోస్టర్లుంటే ఆమె వితంతువెట్లా అవుతుంది? పెనుకొండలోని సజీవత్వ నిర్ధారణ కార్యాలయానికి పొమ్మన్నారు. అర్జీలు రాసిపెట్టే పాపానికి నేనూ వెంట వెళ్లాను. ఉప సజీవాధికారి మసూద్ మంచివాడే. మరణ ధ్రువపత్రం చూసి, ఇది పాతదమ్మా, సినిమా కొత్తది కదా అన్నాడు. ఆ పింఛనుతోనే ఆమె బీపీ మాత్రలు కొనుక్కుంటుంది.

విచారణ నిమిత్తం సినిమాను ఆఫీసు గోడ మీద వేశారు. మల్లప్ప ముద్ద తుంచి, పులుసులో అద్ది, నోట్లో పెట్టుకుని నమిలాడు.

యల్లక్క లేచింది. "ఈయప్ప మా ఆయన కాదు సార్. సంగటి ఎవురన్నా నమల్తారా? మింగల్ల. ఈయప్ప చూడు, ఆవు నెమరేసినట్ల నమల్తాండాడు."

మసూద్ ఈ నేల మీద పుట్టినవాడే. చిన్నప్పుడు ముద్ద నమిలి అవ్వ చేత మొట్టికాయలు తిన్నవాడే. నమిలే వ్యక్తి మల్లప్ప కానేరడని తాత్కాలిక ఉత్తర్వు రాసి, ప్రతిని కంపెనీకి పంపాడు. (తప్పు చేసినవారికి దిద్దుకునే అవకాశమివ్వాలని రూలు. యల్లక్కకు మాత్రం ఏ రూలూ లేదు, తుది ఉత్తర్వు దాకా పింఛను ఆగాల్సిందే.)

కంపెనీ ఇంజనీరు పవన్ కుమార్‌దీ మా వైపు ముదిగుబ్బే. సంగతి తెలిసి వాళ్లమ్మ ఫోన్లో చీవాట్లు పెట్టిందట. యంత్రానికి మింగడం నేర్పి, దిద్దిన సినిమాను తానే ఆఫీసుకు పట్టుకొచ్చాడు.

మమ్మల్ని మళ్లీ పిలిచి గోడ మీద వేశారు. ఈసారి మల్లప్ప మింగాడు. ముద్ద గొంతు దిగాక ఎడమచేత్తో ఎద నిమురుకుని, ఇంకాస్త పులుసు పొయ్యమన్నట్టు పళ్లెం ముందుకు జరిపాడు.

మసూద్ గొంతు తగ్గించి అడిగాడు. "బాగా చూసి చెప్పమ్మా. కాదంటే ఈ పొద్దే పింఛను రాసేస్తా. ఈయన మీ ఆయనేనా?"

కాదని చెప్పడానికే ఆమె వచ్చింది. బస్సులో దారి పొడుగునా అదే మాట నాకు అప్పజెప్పింది. ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ దగ్గరికి నడిచింది.

"మా ఆయప్పే సార్," అంది. "ఇంగో ముద్ద పెట్టమని చెప్పు. ఆయప్పకు ఒగటి సాలదు."

వాంగ్మూలం నమోదైంది, పింఛను రద్దయింది. మనిషి బతికే ఉన్నాడు గనుక ఆయన వంతు రేషన్ బియ్యమైనా ఇప్పించండని నేను అర్జీ పెట్టాను. కుదరదన్నారు. మల్లప్ప వేలిముద్ర పడటం లేదట.