హాయైన సినిమా, ఆరంతస్తుల మెట్లు

పక్కింటావిడ మా ఆవిడ చెవిన వేసిందట, మా ఆవిడ నా చెవిన వేసింది. మూడో అంతస్తు ప్లీడరుగారు ఆదివారం ఏదో సినిమా చూసొచ్చి, అత్తగారిని "భోంచేశారా?" అని అడిగారట. ఆవిడ హడలిపోయి, తనకేదో పెద్ద జబ్బు బయటపడింది కాబోలనుకుని చిన్నకూతురికి ఫోన్ చేసి ఘొల్లుమందట.

అంతటి మహిమగల సినిమాను మా భవనంలో వాళ్ళందరం వారం తిరక్కుండా చూసేశాం. అందులో విలన్ లేడు. ఎవరూ చావరు. జ్వరమొచ్చినా పాట పూర్తయ్యేలోగా తగ్గిపోతుంది. ఒక పాత భవనంలో మెట్లు తుడిచే అమ్మాయి నీళ్ళ బకెట్ మోస్తూ, కూనిరాగం తీస్తూ పైకెక్కుతుంది. ఎక్కుతున్నకొద్దీ అంతస్తుకో మొండిఘటం కరిగి నీరవుతుంది. చూసి మేమూ కరిగాం. ఆ నీరు తుడవడానికి మాకూ ఒక మనిషి ఉందని అప్పుడే గుర్తొచ్చింది.

మా మెట్లు తుడిచే అక్కకు మోకాళ్ళు వాచాయి. నీళ్ళ కుళాయి కింది అంతస్తులో ఒక్కచోటే ఉంది. బకెట్‌తో లిఫ్టు ఎక్కనివ్వమని ఎండాకాలం నుంచీ అడుగుతోంది. ఆ విన్నపం మా భవనం కమిటీవారి సానుభూతిపూర్వక పరిశీలనలో హాయిగా నిద్రపోతోంది.

సినిమా దెబ్బకు కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. ఇకమీదట ఆమెను "ఏయ్" అని పిలవరాదు. ఎదురుపడితే చిరునవ్వు నవ్వవలెను. లిఫ్టు పక్కనున్న "పనివాళ్ళకు ప్రవేశం లేదు" అనే అమానుషమైన బోర్డు పీకించి, "మన ఆత్మీయులు దయచేసి మెట్లు వాడగలరు" అని పువ్వుల బొమ్మతో కొత్త బోర్డు పెట్టించారు. నాలుగో అంతస్తువారి కుక్కకు లిఫ్టు సౌకర్యం యథాతథం. అది ఆత్మీయుల కిందికి రాదు, కుటుంబసభ్యురాలు.

ఆ మర్నాటి నుంచి మేమందరం గుమ్మాల్లో నిలబడి కూనిరాగం కోసం చెవులు రిక్కించాం. ఆయాసం వినబడింది. అందులోనూ లయ ఉందని రెండో అంతస్తు సంగీతం టీచరు తేల్చారు.

చివరికి కింది హాల్లో అక్క గౌరవార్థం ఆ సినిమానే వేయించారు. హాలు ఊడ్చి, కుర్చీలు సర్ది, ముఖ్య అతిథి ముందు వరసలో కూర్చుంది. సినిమా అయ్యాక అధ్యక్షులవారు లేచారు.

"సోదర సోదరీమణులారా! మనసులో పాటుంటే చేతిలో బరువు తెలీదు! ఈ అక్కయ్య ఎక్కే ప్రతి మెట్టూ మన సంస్కారానికి మెట్టు! ఈ మెట్లను ఆమె నుంచి ఎవరూ లాక్కోలేరని కమిటీ తరఫున హామీ ఇస్తున్నాను!"

చప్పట్లు మోగాయి. మా ఆవిడ కళ్ళొత్తుకుంది. నేనూ ఒత్తుకున్నాను, అబద్ధమెందుకు.

"ఏమ్మా, సినిమా ఎలా ఉంది? ఆ పిల్లలా నువ్వూ నవ్వుతూ ఎక్కొచ్చుగా?" అన్నారాయన, ప్రేమగా.

అక్క కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది.

"బానే ఉంది బాబుగారూ. ఆ పిల్ల మోకాళ్ళు సినిమా అయిందాకా ఉంటే చాలు. నావి నేను పోయిందాకా రావాలి. లిఫ్టు ఎక్కనిస్తారా, లేదా?"

చప్పట్లు కొట్టాలో వద్దో తెలీక మేమంతా అధ్యక్షులవారి వంక చూశాం. ఆయన ఖాళీ తెర వంక చూస్తున్నారు.