జానెడు మిగిలిన పచ్చ చీర

గద్వాలలో పెళ్లి నాటి నుంచీ మగ్గం మీదే బతుకుతున్న బాలకిష్టయ్య నేయని చీర లేదు. అతని భార్య అలివేలుకు మాత్రం ఒక్క గద్వాల చీర లేదు. నేసినవన్నీ దుకాణానికే పోయేవి. "మగ్గం నేసేటోని పెండ్లానికి మిల్లు చీరనా?" అని అక్కచెల్లెళ్లు ఏడిపిస్తుంటే ఈసారి ఆమె పంతం పట్టింది. చిలకపచ్చ చీర, అచ్చంగా తనకే. ఇవాళ శ్రీరంగాపూర్‌లో చెల్లెలి ఇంట్లో గృహప్రవేశం. పొద్దున్నే మగ్గం మీంచి చీర దించాలి, కట్టుకోవాలి, బయట నిలబెట్టిన రామన్న ఆటో ఎక్కాలి. అంతకుమించి పనేం లేదు.

ఇంకో జానెడు నేత ఉందనగా నూలు కండె ఒకటి జారి మగ్గం గుంటలో పడింది. చప్పుడు కాలేదు. బాలకిష్టయ్య వంగి చూస్తే పాదాల పక్కన శనగగింజంత నల్లటి బొక్క.

"పందికొక్కు తోడింది. జర రాయి అందియ్యి," అన్నాడు. లేచి చూసుకుంటే పోయేది. కానీ చీర కొసకొచ్చాక మగ్గం దిగితే అది కట్టుకున్నామెకు అచ్చిరాదని వాళ్ల నాయన మాట. ఆ ఇంట్లో ఆ మాటకు తిరుగులేదు.

రాయి వేస్తే బొక్క నిమ్మకాయంత అయింది. రోలు దొర్లిస్తే గుమ్మడికాయంత అయింది. అలివేలు ఇసుక సంచి వేసింది, తర్వాత ఇత్తడి గుండిగ తెచ్చింది.

"అది మా అమ్మది," అన్నాడు బాలకిష్టయ్య.

"అందుకే," అని బొక్కలోకి వదిలేసింది.

"పూడుస్తుంటే పెరుగుతదేంది?"

"మేత పెడుతుంటే పెరగదా?"

గదిలో ఏ తేడా లేదు. గాలి లేదు, వేడి లేదు. వాకిట్లోంచి వచ్చే ఎండ మాత్రం నీలంగా మారింది. వీధిలో రామన్న చీమలా గబగబా అటూ ఇటూ పరుగెడుతున్నాడు. అతని ఆటో హారన్ దోమ పాటంత సన్నగా వినిపిస్తోంది. ఉన్నట్టుండి చీకటి పడింది.

"కరెంటు పోయిందా?"

"వచ్చింది."

"మల్ల పోయింది."

"కరెంటు కాదయ్యా," అంది అలివేలు మెల్లగా. "బయట పొద్దు పొడుస్తున్నది, గూకుతున్నది. దినం మీద దినం పోతున్నది." ఆమెకు భయం వేసింది.

"జరసేపు. ఐపాయె," అన్నాడతను, పెళ్లయినప్పటి నుంచీ అంటున్నట్టే.

ఐపోయింది కూడా. చీర దించి ఇచ్చాడు. ఆమె కట్టుకుని గడప మీద ఒక కాలు పెట్టి, ఎలా ఉందో అడుగుదామని వెనక్కి తిరిగింది. రెండో అడుగు వీధిలో పడలేదు, మగ్గం పక్కన పడింది. మళ్లీ వాకిలి వైపు నడిచింది. మళ్లీ మగ్గమే. వాకిలి పళ్లెమంత, గిన్నెంత, బొట్టుబిళ్లంత వెలుగై దూరమైంది.

"బయటికి నడుస్తుంటే నీ దిక్కే వస్తున్న. ఏందయ్యా గిది?"

"నేను ఎటు పోయినా మగ్గం కాడికే వస్త. ఇన్నేండ్ల సంది నా కథ గదే."

ఆమె అతని పక్కన కూర్చుని కాళ్లు గుంటలోకి వదిలింది. "చీర మంచిగుందా?"

"గిట్లాంటిది నేను ఎన్నడు దించలే," అన్నాడు. నిజమే చెప్పాడు.

బయట రామన్నకు మాత్రం అలివేలు ఇంకా గడప మీదే కనిపిస్తోంది. ఒక కాలు ఎత్తి, వెనక్కి తిరిగి, కదలకుండా. చీరతో సహా రోజురోజుకూ ఎరుపెక్కి మసకబారుతోంది. అక్కచెల్లెళ్లు శ్రీరంగాపూర్ నుంచి పరుగున వచ్చారు. ఊరంతా ఆ చీరను కళ్లారా చూసింది. మిల్లు చీర మాట ఎవరూ ఎత్తలేదు. చెల్లెలు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"పాపం, చిలకపచ్చ కావాలన్నది. బావ ఎర్రది నేసిండు."

ఆ మాట అలివేలు చెవిన పడి ఉంటే, బాలకిష్టయ్య తనంతట తానే బొక్కలోకి దూకేవాడు.