ఏడు నొక్కులూ ఒక ఎంటరూ

మార్చి నెల మూడవ తేదీ, మంగళవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలు. పౌరసేవల మంత్రిత్వ శాఖ ప్రధాన భవనం, మూడవ అంతస్తు, సమావేశ మందిరం. హాజరైనవారు: మంత్రిగారు, వారి కార్యదర్శి, ఏకరూపతా సంఘం సభ్యులు పదకొండుమంది, ఆ సంఘానికి అనుబంధంగా చేతిలో స్కేలుతో నిలబడే గుమాస్తా ఒకరు, పత్రికలవాళ్ళు, బ్యాండు మేళం, పౌరులు నూట ఎనభైమంది. ఈ పౌరుల్లో నూట డెబ్భైతొమ్మిదిమంది ఆ భవనంలోనే ఉద్యోగులు. ఆ పూటకు సెలవు పెట్టి పౌరులుగా విచ్చేశారు. మిగిలిన ఒక్కరూ మంచినీళ్ళు ఎక్కడ దొరుకుతాయో అడగడానికి లోపలికి వచ్చి, తలుపులు మూసెయ్యడంతో ఉండిపోయినవారు. వేదిక మీద, మంత్రిగారికి ఎడమపక్కన, కీబోర్డు ముందు కూర్చున్నది భవనం టెలిఫోన్ ఆపరేటరు.

ఆపరేటరుకు పుట్టుకతోనే చూపు లేదు. ఇరవైఆరేళ్ళుగా ఆ భవనానికి వచ్చిన ప్రతి ఫోనూ మొదట ఆయన చెవిలోనే పడింది. ఏ దరఖాస్తు ఏ గదిలో నడుము వాలుస్తుందో, ఆ గది గుమాస్తా ఏ వారం ప్రసన్నుడో, ఏ అధికారి 'ఇప్పుడే వస్తాను' అంటే మర్నాడని అర్థమో ఆయనకు కంఠతా వచ్చు. ఈ విద్యకు ప్రభుత్వం జీతం ఇస్తున్నదని ఆ రోజు వరకూ ప్రభుత్వానికి కూడా సరిగా తెలియదు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. పాత వెబ్‌సైటులో పౌరులు పడ్డ పాట్లు ఏకరువు పెట్టారు. చేపలవేట అనుమతికి పచ్చ బొత్తం పైన ఉండేది. పెళ్ళి నమోదుకు కింద ఉండేది. ఇంటి పన్నుకైతే బొత్తమే ఉండేది కాదు. ఇదంతా వినలేక మంత్రిగారు స్వయంగా కళ్ళు ఒత్తుకున్నారు. తర్వాత గొంతు సవరించుకొని ప్రకటించారు.

"మూడువందల పన్నెండు సేవలు. ఒకటే రూపు. ఏ పేజీకి వెళ్ళినా శీర్షిక పైనే, పట్టిక ఎడమనే, పచ్చ బొత్తం కుడివైపు కిందే. ఒక్క పేజీ నేర్చుకుంటే అన్నీ నేర్చుకున్నట్టే. ఇక పౌరుడు దారి తప్పడు."

అనంతరం ఆపరేటరు ముందురోజు నేర్పిన విధంగా ట్యాబ్ మీట ఏడుసార్లు నొక్కి, ఎంటర్ కొట్టాడు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే గొంతు ఒకటి కంప్యూటరులో ఉంటుంది. ఆయన దాన్ని పంతులమ్మ అంటాడు. పంతులమ్మ ఏదో చెప్పబోయింది. అంతలో మంత్రిగారు చప్పట్లు మొదలుపెట్టారు, నూట ఎనభైమందీ అందుకున్నారు, బ్యాండు మేళం కూడా అందుకుంది. పంతులమ్మ చెప్పింది పంతులమ్మకే మిగిలిపోయింది.

"చూడకుండానే చేశాడు. చూసేవాళ్ళకి ఇంకెంత సులువో ఆలోచించండి" అన్నారు మంత్రిగారు.

పత్రికలవాళ్ళు అలాగే ఆలోచించి, అలాగే రాశారు.

మర్నాడు ఆపరేటరు బల్ల మీదికి ఒక ఉత్తర్వు వచ్చింది. స్కేలు గుమాస్తా చదివి వినిపించాడు. ఈయనను భవనమంతా స్కేలు బాబాయి అంటుంది. ఆపరేటరు ఉద్యోగంలో చేరిన రోజు స్విచ్ బోర్డు దాకా చెయ్యి పట్టుకు తీసుకువెళ్ళింది ఈయనే. ఉత్తర్వు సారాంశం ఇది: వెబ్‌సైటు వచ్చినందున పౌరులకు ఎవరినీ ఏమీ అడిగే అవసరం తీరిపోయింది. కనుక టెలిఫోన్ ఆపరేటరు పోస్టు ఈ నెలాఖరుతో రద్దు. సదరు ఆపరేటరు వేరే పోస్టు కోరదలిస్తే ముప్పైఒకటవ తేదీ సాయంత్రం అయిదులోగా వెబ్‌సైటు ద్వారానే దరఖాస్తు చేసుకోవాలి. కాగితం మీద వచ్చే దరఖాస్తులు ఇకపై ఏ గదిలోనూ స్వీకరించబడవు. గడువు దాటితే ఆపరేటరు తనంతట తానే ఉద్యోగం మానుకున్నట్టు భావించబడును.

"భావించేది ఎవరు బాబాయ్?" అని అడిగాడు ఆపరేటరు.

"అది రాయలేదురా. ఎవరో ఒకరు భావిస్తారులే. మనవాళ్ళకి ఆ పనికి మనుషుల కొరత లేదు."

ఆ వారం ఫోన్లు తగ్గవలసింది. రోజుకు తొంభై వచ్చేవి నాలుగువందలయ్యాయి. వెబ్‌సైటు అట్టడుగున 'సహాయానికి' అని రాసి, ఆపరేటరు నంబరు ఇచ్చారు. పౌరులు పచ్చ బొత్తం నొక్కి నొక్కి, చివరకు ఆ నంబరు నొక్కేవారు. ఆయన మామూలుగానే ఏ గది, ఏ గుమాస్తా, ఏ వేళ అన్నది చెప్పేవాడు. కాగితం తీసుకోరు కదా అని వాళ్ళంటే, ఉత్తర్వు ఇంకా ఆ గదుల దాకా రాలేదనీ, వచ్చేది వెబ్‌సైటు ద్వారానేననీ ధైర్యం చెప్పేవాడు.

ఆదివారం ఉదయం ఇంట్లో కూర్చుని తన దరఖాస్తు మొదలుపెట్టాడు. ఆయన ఇల్లాలు ముందుగదిలో టైపు షాపు నడుపుతుంది. పాతికేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ అర్జీలన్నీ ఆమె వేళ్ళ కిందుగా వెళ్ళినవే. ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

ఏడుసార్లు నొక్కి ఎంటర్. పంతులమ్మ చదవసాగింది: స్వాగతం, పౌరుడే ప్రభువు, మంత్రిగారి చిత్రం, సేవల పట్టిక, సహాయానికి. ఆపరేటరు మళ్ళీ ఏడుసార్లు నొక్కాడు. స్వాగతం, పౌరుడే ప్రభువు. పట్టికలో కిందికి దిగి ఉద్యోగుల విభాగం నొక్కాడు. స్వాగతం. చేపలవేట నొక్కాడు. పౌరుడే ప్రభువు.

"చాలా ముచ్చటగా ఉందండీ. ఎక్కడికి వెళ్ళినా కళ్ళకి కొత్తగా లేదు" అంది ఇల్లాలు.

"ఎక్కడికి వెళ్ళాం?"

"అదేమిటి, నొక్కారుగా."

"నొక్కాను. వెళ్ళామా అని అడుగుతున్నాను. పంతులమ్మ ప్రతిసారీ నలభైమూడు మాటలు చెబుతోంది. నలభైనాలుగోది చెప్పట్లేదు. మంత్రిగారి చిత్రం దగ్గర ఊపిరి తీసుకోవడం కూడా అక్కడే తీసుకుంటోంది."

ఇల్లాలు కళ్ళజోడు పెట్టుకుని, తానే ఒక్కొక్క సేవా నొక్కుకుంటూ వచ్చింది. జనన నమోదు, మరణ నమోదు, మధ్యలో ఉన్నవన్నీ. అరవై దాకా నొక్కి కళ్ళజోడు తీసేసింది.

"ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందండీ" అంది. కళ్ళజోడు మడుస్తూ, "ఈ రంగులు చూసి నేను కదులుతున్నాననే అనుకున్నాను" అని కూడా అంది.

సోమవారం ఆపరేటరు స్కేలు బాబాయిని నిలదీశాడు. బాబాయి తలుపు దగ్గరగా వేసి, జరిగినది జరిగినట్టు చెప్పాడు. అందులో దాపరికం ఏమీ లేదు. అంతా మినిట్సులోనే ఉంది; మినిట్సు ఎవరూ చదవరు గనుక చెప్పవలసి వచ్చింది.

మొదట మూడువందల పన్నెండు పేజీలు నిజంగానే తయారయ్యాయి. సంఘం పక్షానికొకసారి కూర్చునేది. రెండేసి పేజీలు అచ్చుతీసి పక్కపక్కన పెట్టేవారు. బాబాయి స్కేలుతో కొలిచి తేడా ఎంతో చెప్పేవాడు. తేడా ఉన్నదాన్ని తీసివెయ్యమని సంఘం తీర్మానించేది. మొదటి సమావేశాల్లో అంచులు, రంగులు సరిచేశారు. ఎనిమిదో సమావేశంలో శీర్షికలు ఒకదానికంటే ఒకటి పొడుగ్గా ఉన్నాయని గుర్తించి అన్నిటికీ 'స్వాగతం' అని పెట్టారు. పదమూడోదానిలో వివరాలు నింపే గడులు లెక్కకు వచ్చాయి. పెళ్ళికి ఇద్దరి పేర్లు కావాలి, చేపలకు ఒక్కరిది చాలు. ఇది క్షమించరాని తేడా. గడులు తీసేశారు. పంతొమ్మిదో సమావేశంలో బాబాయి మధ్యాహ్నం దాకా కొలిచి, తేడా శూన్యమని ప్రకటించాడు. సంఘం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మూడువందల పన్నెండుసార్లు ఒకే పేజీ దాచడం దండగని కంప్యూటరువాళ్ళు ఒక్కటి ఉంచి తక్కినవి తుడిచేశారు.

"నువ్వైనా ఒక్క మాట అనలేకపోయావా బాబాయ్?"

"నన్నడిగింది తేడా ఎంతని. పేజీ ఉందా అని ఎవరూ అడగలేదు."

ఆపరేటరు కార్యదర్శి దగ్గరికి వెళ్ళాడు. రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టయింది. కార్యదర్శి విషయమంతా శ్రద్ధగా విన్నాడు.

"మీరు లేఅవుటుని తప్పు పడుతున్నారా?" అన్నాడు.

"లేదండీ. లేఅవుటు చాలా బాగుంది. దాని వెనక ఏమీ లేదంటున్నాను."

"వెనక ఏముందో చూడటానికి మనమెవరం చెప్పండి. మీ ఇబ్బంది వెబ్‌సైటులో ఫిర్యాదుల పేజీలో పెట్టండి. తప్పకుండా పరిశీలిస్తాం."

ఫిర్యాదుల పేజీ ఏమన్నదో చెప్పనక్కరలేదు. నలభైమూడు మాటలన్నది.

ముప్పయ్యో తేదీన కార్యదర్శే ఫోను చేశాడు. గొంతులో తేనె కలిసి ఉండటం గమనించి ఆపరేటరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ప్రభుత్వ వెబ్‌సైట్లన్నిటికీ పోటీ పెట్టారట. ఏకరూపత విభాగంలో మనది ముందంజలో ఉందట. ముప్పైఒకటిన మూడు గంటలకు న్యాయనిర్ణేతలు వస్తారు. చూపులేని పౌరుడొకరు వెబ్‌సైటును వాడి చూశానని సంతకం చేసిన వాంగ్మూలం వారికి కావాలి. దాని మీద సాక్షిగా మంత్రిగారి సంతకమూ కావాలి.

"వెబ్‌సైటు ద్వారా పంపమంటారా?" అని అడిగాడు ఆపరేటరు.

అవతల కార్యదర్శి గొంతులో తేనె కొంచెం తగ్గింది.

"వద్దులెండి. కాగితం మీద ఇవ్వండి."

"కాగితం తీసుకోకూడదని ఉత్తర్వు ఉంది కదండీ."

"ఆ ఒక్కరోజుకీ సడలిస్తాం."

"మరి నా దరఖాస్తు?"

"అది మాత్రం వెబ్‌సైటులోనే పెట్టుకోండి. పద్ధతి అంటూ ఒకటుంటుంది."

ఆ సాయంత్రం ఇంట్లో మొగుడూపెళ్ళాల మధ్య పెద్ద సంభాషణేమీ జరగలేదు. అబద్ధం రాయనని ఆయన అన్నాడు. రాయమని ఎవరన్నారని ఆమె అంది. వాంగ్మూలం ఆయన చెబుతుంటే ఆమె టైపు చేసింది. ఆపైన ఇంకొక కాగితం ఎక్కించింది. పాతికేళ్ళ అలవాటు: పైన నడిమధ్య శీర్షిక, ఎడమ పక్క విషయం, కింద నాలుగు పంక్తులు, కుడివైపు అడుగున సంతకానికి చోటు.

ముప్పైఒకటవ తేదీ, మూడు గంటలు. న్యాయనిర్ణేతలు ముగ్గురూ మెత్తటి కుర్చీల్లో కూర్చున్నారు. ముగ్గురూ తలా పది సేవలు నొక్కి చూసి, ఇటువంటి నిలకడ ఎక్కడా చూడలేదని ఒప్పుకున్నారు. కార్యదర్శి ఆపరేటరు వాంగ్మూలాన్ని బిగ్గరగా చదివాడు.

"ఈ వెబ్‌సైటులో నేను నెలరోజులు తిరిగాను. ఒక్కసారి కూడా దారి తప్పలేదు. ఎన్ని బొత్తాలు నొక్కినా, ఎంత దూరం వెళ్ళినా, నేను ఎక్కడున్నానో నాకు ప్రతి క్షణం తెలుసు. ఇంత భరోసా నాకు మా ఇంట్లో కూడా లేదు."

న్యాయనిర్ణేతల్లో పెద్దావిడ కళ్ళజోడు తుడుచుకున్నది. మంత్రిగారు ఆపరేటరు భుజం తట్టారు. ఆపరేటరు వేలిని కార్యదర్శి కాగితం మీద కుడివైపు అడుగున ఆనించాడు. ఆయన సంతకం చేశాడు. దాని పక్కన సాక్షిగా మంత్రిగారు చేశారు. అప్పుడు ఆపరేటరు రెండో కాగితం బల్ల మీద పెట్టాడు.

"ఇదేమిటయ్యా?" అన్నారు మంత్రిగారు, కలం మూయబోతూ.

"మొదటిదాంట్లాగే ఉంటుందండి. కావాలంటే కొలిపించండి."

న్యాయనిర్ణేతలు ఆసక్తిగా ముందుకు వంగారు. స్కేలు బాబాయి పిలవకుండానే వచ్చాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అంచులు కొలిచాడు, శీర్షిక కొలిచాడు, పంక్తుల మధ్య దూరం కొలిచాడు. రెండోదాన్ని కొలవడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది. మధ్యలో ఆయన పెదవులు చదువుతున్నట్టు కదిలాయి. తర్వాత నిటారుగా నిలబడ్డాడు.

"తేడా శూన్యం సార్."

"అదీ ఏకరూపత అంటే" అన్నారు మంత్రిగారు న్యాయనిర్ణేతల వైపు తిరిగి. అలా తిరిగి ఉండగానే వారి చెయ్యి రెండో కాగితం కుడివైపు అడుగుకు వెళ్ళి సంతకం చేసింది. కార్యదర్శి ముద్ర కూడా అదే ఊపులో పడింది.

నాలుగున్నరకు బహుమతి ప్రకటించారు. బ్యాండు మేళం మళ్ళీ వాయించింది.

ఆపరేటరు రెండో కాగితంతో తన గదికి వచ్చి కూర్చున్నాడు. వెనకే వచ్చిన బాబాయి తలుపు దగ్గరగా వేసి, అడగకుండానే కాగితం తీసుకుని మెల్లగా చదివాడు: "విషయం: పోస్టు రద్దు. మార్చి నాలుగవ తేదీ ఉత్తర్వు ఇందుమూలంగా ఉపసంహరించుకోవడమైనది. టెలిఫోన్ ఆపరేటరు పోస్టు యథాతథంగా కొనసాగును. ఈ విషయమై వెబ్‌సైటులో దరఖాస్తు చేయవలసిన అవసరం లేదు."

"రెండో పంక్తి ఒక వెంట్రుకవాసి ఎడమకి జరిగిందిరా. మీ ఆవిడకి చెప్పు" అని కాగితం తిరిగి ఇచ్చాడు.

గోడగడియారం అయిదు కొడుతుండగా ఫోను మోగింది. మంత్రిగారే. కారులోంచి మాట్లాడుతున్నారు. బహుమతి వార్త వెబ్‌సైటులో పెట్టమన్నాననీ, పెట్టామని కార్యదర్శి అంటున్నాడనీ, పావుగంటగా వెతుకుతున్నాననీ చెప్పారు.

"ఏ పేజీలో ఉందయ్యా?"

"ఇప్పుడు మీరు చూస్తున్న పేజీలోనేనండి" అన్నాడు ఆపరేటరు.

మంత్రిగారు కొంతసేపు చూశారు.

"అవునయ్యా. చాలా బాగా వచ్చింది" అన్నారు.

రిసీవరు చెవికీ భుజానికీ మధ్య అలాగే నొక్కిపట్టి, ఆపరేటరు కాగితాన్ని అంచుకు అంచు సరిగ్గా కలిపి నాలుగు మడతలు పెట్టి, చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు.