రూటర్ ఇటు, కరెంటు అటు

ఉద్యోగం కోసం పల్నాడు బిడ్డ పొలిమేర దాటే రోజులు పోయాయని, ఇక ఉద్యోగమే బిడ్డని వెతుక్కుంటూ గురజాల వస్తుందని మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించి ఊరుకునే మనిషైతే మనం ఇంత చెప్పుకోనక్కర్లేదు. పాత ధాన్యం గోడౌనుకు రంగులు వేయించారు, తిరిగే కుర్చీలు తెప్పించారు, కో-వర్కింగ్ సెంటర్ అని బోర్డు కూడా కట్టించారు. ఎవరి కంపెనీ ఏ దేశంలో ఉన్నా సరే, ఇక్కడికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి అందరూ ఒకే బల్ల దగ్గర పని చేసుకోవచ్చు. ఇంత గొప్ప ఆలోచనకి ఒక్కటే చిన్న చిక్కు. మన పల్నాట్లో అందరూ ఒకే బల్ల దగ్గర టీ కూడా తాగరు. ఎవరి పార్టీ కొట్టు వాళ్ళది, ఎవరి గ్లాసు వాళ్ళది.

ఈ సంగతి షాహిస్తాకి తెలియక కాదు, పుట్టి పెరిగింది గురజాలలోనే. కానీ అవసరం అలాంటిది. సెంటరుకి రోడ్డవతల వాళ్ళ నాన్న అబ్దుల్ జబ్బార్ మెకానిక్ షెడ్డు, షెడ్డు వెనకే ఇల్లు. ఆ ఇంట్లో కూర్చుని ఆమె ఒక హైదరాబాద్ కంపెనీకి పని చేస్తోంది. ఆస్పత్రి కాగితాలు చదివి జబ్బులకి కోడ్‌లు వేసే పని. మీటింగులో నోరు తెరిస్తే చాలు, వెనక నుంచి రేకుల మీద సుత్తి దెబ్బలు. "మీ ఇంట్లో యుద్ధమేమన్నా జరుగుతోందా?" అని మేనేజర్ ప్రీతి మేడమ్ మొదట్లో నవ్వుతూ అడిగేది, తర్వాత నవ్వడం మానేసింది. శుక్రవారం వీడియో మీటింగ్ పెట్టి ఉద్యోగం పర్మనెంట్ చేసేదీ లేనిదీ తేలుస్తానంది. ఆరోజు కూడా మోత వినబడితే హైదరాబాద్ ఆఫీసుకొచ్చి కూర్చోవాలి, రాలేకపోతే మానుకోవాలి. షాహిస్తా ఊరు కదిలే వీల్లేదు. అమ్మ అమీనా బీ మోకాళ్ళ ఆపరేషన్ అయి మంచం మీద ఉంది. అందుకని సెంటరు తలుపులు తీసిన రోజే, ప్రారంభోత్సవానికి మంత్రిగారి తేదీ దొరక్కముందే, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఆమె రోడ్డు దాటింది.

సెంటరు ఇన్‌చార్జి చెన్నకేశవులు ఆమెని చూసి పొంగిపోయాడు. ఆయన కంప్యూటర్ ముట్టుకున్నవాడు కాడు, పార్టీ జెండా తప్ప ఇంకేదీ మోసినవాడూ కాడు. అంతటి నిష్ఠ గలవాడు కాబట్టే ఆ పదవి ఇచ్చారు.

"రా తల్లీ, రా! నువ్వు మన వైపు కూర్చో."

"మన వైపు ఏంది బాబాయ్? బల్ల ఒకటేగా?"

"సాయంత్రం దాకా చూడు. అప్పుడు తెలుస్తది."

సాయంత్రానికి రాఘవయ్య మందితో దిగాడు. ఆయనదీ అదే పార్టీ, కాకపోతే రెండో గ్రూపు. సగం సెంటరు తనదన్నాడు. ఏం జరుగుతుందోనని పక్క కొట్లవాళ్ళు షట్టర్లు దించేశారు. కానీ ఇద్దరూ బాధ్యత తెలిసిన నాయకులు. కత్తులు తీయలేదు, వడ్రంగిని పిలిపించారు. నట్టనడుమ ప్లైవుడ్ గోడ లేచింది, బల్లని కూడా రెండు ముక్కలు చేసుకుంటూ పోయింది. అటొక గుమ్మం, ఇటొక గుమ్మం. టీ ఫ్లాస్కులూ రెండు.

ఆ పంపకంలో రూటర్ చెన్నకేశవులు వైపు వచ్చింది, ప్లగ్గులన్నీ రాఘవయ్య వైపు పోయాయి. ఏసీ ఇటు, దాని రిమోట్ అటు. చలేస్తోందని ఇటువాళ్ళు గోడ బాదితే, అటువాళ్ళు శ్రద్ధగా ఇంకాస్త చలి పెంచేవాళ్ళు.

అదృష్టం కొద్దీ ప్లైవుడ్ చాల్లేదు, గోడ చివర మనిషి పట్టేంత సందు మిగిలింది. షాహిస్తా ఆ సందులో కుర్చీ వేసుకుంది. ఇటు నుంచి సిగ్నల్, అటు నుంచి వైరు. సుత్తి మోత లేదు, పని హాయిగా సాగింది. మా వైపు ఒకరు పని చేస్తున్నారని చెన్నకేశవులు పైవాళ్ళకి చెప్పాడు. మా వైపూ ఒకరని రాఘవయ్య చెప్పాడు. గురజాలలో ఉద్యోగాలు రెట్టింపయ్యాయని మంత్రిగారు పేపర్లో చెప్పారు. లెక్క ప్రకారం తప్పేమీ లేదు.

ప్రారంభోత్సవం శుక్రవారమే పడింది. షాహిస్తా గుమ్మంలోకి వచ్చి చూస్తే కుర్చీలన్నీ నిండిపోయి ఉన్నాయి. ఇటువైపు చెన్నకేశవులు వెల్దుర్తి నుంచి తోలుకొచ్చిన రైతులు, అటువైపు రాఘవయ్య నూజెండ్ల నుంచి తోలుకొచ్చినవాళ్ళు. ఒక్కొక్కరి ముందు ఒక్కో ల్యాప్‌టాప్.

"అమ్మాయ్, దీన్ని తెరిచి పెట్టాలా, మూసి పెట్టాలా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"మీ ఇష్టం తాతా," అని ఆమె తన సందు వైపు చూసింది. సందులో మంత్రిగారి కటౌట్ నమస్కారం పెడుతూ నిలబడి ఉంది.

"బాబాయ్! నేనెక్కడ కూర్చోవాలి?"

"ఇయ్యాల ప్రారంభోత్సవం తల్లీ. పని చేసుకునేవాళ్ళు రేపు రావాల," అన్నాడు చెన్నకేశవులు.

"నా మీటింగ్ ఇప్పుడే! ఉద్యోగం పోద్ది బాబాయ్!"

"పోతే పోనీ. మంత్రిగారొస్తన్నారుగా, చానా ఇస్తారు."

షాహిస్తాకి ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ షెడ్డులోకి పరిగెత్తింది. షెడ్డంతా మంత్రిగారి ప్రచార రథం ఆక్రమించి ఉంది. దారిలో బ్రేకులు మొరాయిస్తే పొద్దున్నే తోసుకొచ్చి పడేశారు. జబ్బార్ దాని కింద నుంచి తల బయటపెట్టి కూతురి మొహం చూశాడు. పానా అక్కడే వదిలేసి లేచాడు.

"ఎక్కు బేటీ ఇందులో. ఏసీ ఉంది, నెట్టుంది, బల్లుంది. తలుపేస్తే బయట జనం ఎంత అరిచినా లోపలికి వినబడదు. అట్టా చేయించుకున్నారంట."

"మంత్రిగారొస్తే?"

"ఆయన్నక్కడ అంత తేలిగ్గా వదుల్తారా ఏంది? ఎక్కు."

ఎక్కింది. తలుపు పడగానే గురజాల మొత్తం నోరు మూసుకున్నట్టయింది. తెర మీదికి ప్రీతి మేడమ్ వచ్చింది, చుట్టూ చూసింది.

"ఎంత ప్రశాంతంగా ఉంది షాహిస్తా! ఇదేనా మీ కో-వర్కింగ్ సెంటర్?"

"సెంటర్ ఎదురుగానే మేడమ్," అని షాహిస్తా నిజమే చెప్పి, చేసిన పని చూపించడం మొదలుపెట్టింది.

కిటికీ అద్దంలోంచి సెంటరు మొత్తం కనబడుతోంది, చప్పుడే లేదు. మంత్రిగారు దిగారు. రెండు గుమ్మాలకీ రెండు రిబ్బన్లు. చెన్నకేశవులు ఒక కత్తెర అందించాడు, రాఘవయ్య ఇంకో కత్తెర అందించాడు. మంత్రిగారు ఇటు అడుగేస్తే అటువాళ్ళు చొక్కా పట్టుకు లాగారు, అటు అడుగేస్తే ఇటువాళ్ళు లాగారు. ఆ తోపులాటలో గోడ ఊగింది, కాసేపు ఆలోచించుకుని పడిపోయింది. అలా సెంటరు పుట్టాక మొట్టమొదటిసారి అందరూ ఒకే బల్ల దగ్గర కలుసుకున్నారు. తిరిగే కుర్చీలు గాల్లోకి లేచాయి.

"వెరీ గుడ్, ఒక్క తప్పు కూడా లేదు," అంది ప్రీతి మేడమ్.

అప్పుడే రథం తలుపు తెరుచుకుంది. చిరిగిన చొక్కాతో, ఒక్క చెప్పుతో మంత్రిగారు లోపల పడి తలుపేసుకున్నారు. షాహిస్తా పెదాల మీద వేలు పెట్టి చూపించింది. అనుభవం గల నాయకుడు కాబట్టి ఆయన పరిస్థితి గ్రహించి, వెనక సోఫాలో కిక్కురుమనకుండా కూర్చున్నారు.

ప్రీతి మేడమ్ మొహం మారింది. "వెనక ఎవరది? మనవి రోగుల కాగితాలు, బయటివాళ్ళ కంట పడితే నీ ఉద్యోగం అక్కడితో సరి. తెలుసుగా?"

"నా పక్క సీటాయన మేడమ్."

"ఏం పని చేస్తారు?"

షాహిస్తా వెనక్కి తిరిగింది. ఏం చెబుతుందోనని మంత్రిగారు కూడా ఆసక్తిగా చూస్తున్నారు.

"ఇంకా మొదలుపెట్టలేదు మేడమ్."

"మరి నీ ముందున్న కాగితాలు చదివితే?"

"అమ్మో, ఆయన చదవరు మేడమ్. కింద సంతకం పెట్టేస్తారు, అంతే."

ప్రీతి మేడమ్ ఊపిరి పీల్చుకుంది. "అయితే భయం లేదులే. షాహిస్తా, నీ ఉద్యోగం పర్మనెంట్."

షాహిస్తా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక సోఫాలోంచి మంత్రిగారు లేచి, కెమెరాకి రెండు చేతులూ జోడించారు.